సెకండ్ హ్యాండ్ డ్రమ్ శాండర్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

కన్వేయర్ బెల్ట్ మీద నడిచే పలకను, ఉప్పు కాగితం చుట్టిన డ్రమ్‌తో పైనుంచి రుద్ది చదును చేసే యంత్రం డ్రమ్ శాండర్. దాని కోసం వెతికే చాలామందికి నిజంగా కావలసింది థిక్‌నెస్ ప్లానర్, అంటే బ్లేడ్లతో పలకను కావలసిన మందానికి చెక్కే యంత్రం. ఆ సంగతి ముందే తేల్చుకోకపోతే పాతదా కొత్తదా అని ఎంత మల్లగుల్లాలు పడినా లాభం లేదు. ప్లానర్ ఒక్క విడతలో రెండు మిల్లీమీటర్ల దాకా చెక్కేస్తుంది. డ్రమ్ శాండర్ 80 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) కాగితంతో ఒక్క విడతకు తీసేది మహా అయితే 0.4 మి.మీ., అంటే అంగుళంలో 64వ వంతు. పలక వెడల్పుగా, గట్టిగా ఉంటే అందులో సగమే. 30 మి.మీ. పలకను 25కి దించాలంటే పన్నెండు, పదమూడు విడతలు తోలాలి. పది పలకలుంటే పూటంతా దానికే సరి.

ఇంకో అపోహ కూడా వదిలించుకోవాలి. వంకర తిరిగిన పలకను డ్రమ్ శాండర్ తిన్నగా చేయదు. లోపలి రోలర్లు నొక్కిపట్టినంతసేపు పలక చదునుగా ఉన్నట్టే ఉంటుంది, బయటికి రాగానే మళ్ళీ పాత వంకరకే పోతుంది. తప్పదనుకుంటే చదునైన ప్లైవుడ్ మీద పలకను పెట్టి, కింద ఖాళీ ఉన్నచోట్ల సన్నని చెక్కముక్కలు దూర్చి, హాట్ గ్లూతో అంటించి ప్లైవుడ్‌తో సహా తోలాలి. పని అవుతుంది కానీ రోజూ చేసే పని కాదు.

మరి ఈ యంత్రం దేనికి? గ్రెయిన్, అంటే చెక్కలోని పీచుల వరస, అటూ ఇటూ తిరిగిన చెక్కకు. రందా పట్టినా, ప్లానర్‌లో వేసినా అలాంటి చెక్క పీచులు లేచి, చిన్న చిన్న గుంటలు పడిపోతుంది. శాండర్‌కు గ్రెయిన్ ఎటు తిరిగినా ఒకటే. అంటించిన టేబుల్ టాపులు, రెండు మూడు మిల్లీమీటర్ల మందానికి కోసుకున్న పల్చటి చెక్క రేకులు, అడ్డకోత పైకి వచ్చేలా అతికించిన కటింగ్ బోర్డులు కూడా దీని పనే. అడ్డకోత బోర్డును ప్లానర్‌లో వేస్తే అంచు పగిలి ఎగిరిపోవచ్చు, దాని జోలికి పోకండి. మీ వర్క్‌షాప్‌లో ఇలాంటి పని వారంలో రెండు మూడుసార్లు వస్తుంటే డ్రమ్ శాండర్ కొనొచ్చు. నెలకొకసారైతే వైడ్ బెల్ట్ శాండర్ అనే పెద్ద యంత్రం ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళి గంటకింత అని ఇచ్చి చేయించుకోవడమే మేలు. పని అక్కడ బాగా వస్తుంది, ఇక్కడ జాగా కూడా మిగులుతుంది.

ఏ రకం?

పాత యంత్రాల్లో ఎక్కువగా కనిపించేది ఒక పక్క తెరిచి ఉండే ఓపెన్ ఎండ్ రకం. డ్రమ్ ఒక చేయిలాంటి ఫ్రేముకు వేలాడుతూ ఉంటుంది, రెండో కొస ఖాళీ. అందుకే డ్రమ్ కన్నా వెడల్పైన పలకను ఒక సగం తోలి, తిప్పి రెండో సగం తోలొచ్చు. 16-32, 19-38, 22-44 అని మోడల్ పేర్లలో కనిపించే జంట అంకెలకు అర్థం అదే. మొదటిది డ్రమ్ వెడల్పు, రెండోది తిప్పితే వచ్చే వెడల్పు, రెండూ అంగుళాల్లో.

నా సలహా: మొదటి అంకె చూసి కొనండి, రెండో అంకెను లెక్కలోకి తీసుకోకండి. తిప్పి తోలినప్పుడు రెండు సగాలూ కలిసేచోట సన్నని గీత పడుతుంది. డ్రమ్ తెరిచిన కొసను కాగితం మందమంత పైకి ఎత్తి అమర్చుకుంటే గీత చాలావరకు పోతుంది. కానీ అలా అమర్చిన యంత్రం మామూలు పలకలను ఒక పక్క వెంట్రుకవాసి మందంగా వదులుతుంది. అమరికను అటూ ఇటూ మారుస్తూ కూర్చోవాల్సిందే. 30 అంగుళాల టేబుల్ టాప్ ఎప్పుడో ఒకటి చేసేవాళ్ళకు పర్వాలేదు. రోజూ చేసేవాళ్ళకు విసుగు.

రెండోది రెండు వైపులా ఫ్రేము ఉండే రకం, ముఖ్యంగా రెండు డ్రమ్ములవి. 24, 25 అంగుళాల వెడల్పు, 5 హెచ్‌పీ మోటారు, క్రేన్‌తో దించాల్సినంత బరువు. పవర్‌మాటిక్ డీడీఎస్-225 ఈ కోవలోదే. ముందు డ్రమ్‌కు 80, వెనక డ్రమ్‌కు 120 గ్రిట్ చుడితే ఒకే విడతలో రెండు పనులూ అవుతాయి. వినడానికి బాగానే ఉంటుంది. కష్టమంతా వెనక డ్రమ్‌ను ముందుదానికన్నా ఎంత దించాలన్న దగ్గరే. తక్కువ దించితే ముందు డ్రమ్ వదిలిన గీతలు అలాగే ఉంటాయి, ఎక్కువ దించితే 120 కాగితం చెక్కను కాల్చేస్తుంది. గ్రిట్ మార్చిన ప్రతిసారీ కాగితం మందం మారుతుంది కాబట్టి ఈ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. రోజంతా ఒకే రకం తలుపులు చేసే వర్క్‌షాప్‌కు ఇది బంగారం. రోజుకో రకం పని చేసే ఒంటరి వడ్రంగికి తలనొప్పి. సెకండ్ హ్యాండ్‌లో ఇవి చవగ్గా దొరకడానికి సగం కారణం అదే, మిగతా సగం వాటి బరువు.

వైడ్ బెల్ట్ శాండర్ అసలు వేరే జాతి. పొడవాటి బెల్టు రెండు మూడు రోలర్ల మీద తిరుగుతుంది కాబట్టి కాగితానికి చల్లబడే వ్యవధి దొరుకుతుంది, కాలిన మచ్చలు తక్కువ. బెల్టు అటూ ఇటూ ఊగుతూ తిరుగుతుంది కాబట్టి గీతలు కూడా లోతుగా పడవు. కాగితం మార్చడం రెండు నిమిషాల పని. పాత వైడ్ బెల్ట్ తక్కువ ధరకు కనిపిస్తే మనసు లాగడం సహజమే. కానీ చాలావాటికి త్రీఫేజ్ కరెంటు, బెల్టును దారిలో ఉంచడానికి కంప్రెసర్ గాలి, పెద్ద డస్ట్ కలెక్టర్ కావాలి. ఈ మూడూ ఇప్పటికే ఉంటే డ్రమ్ శాండర్ ఆలోచన మానేసి అదే కొనండి. లేకపోతే యంత్రం ధర కన్నా దానికి చేసే ఏర్పాట్లకే ఎక్కువ అవుతుంది.

డ్రమ్ టేబుల్ కింద ఉండి, పైనుంచి చేత్తో తోసే రకం కూడా ఉంది. వీ-డ్రమ్ అంటారు. మోటారు, షాఫ్ట్, రెండు బేరింగులు ఉంటే సొంతంగా తయారుచేసుకునేవాళ్ళూ ఉన్నారు. ప్లానర్ నుంచి వచ్చిన పలకను నునుపు చేయడానికి చక్కగా పనికొస్తుంది. మందం మాత్రం మీ చేతి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. అన్ని ముక్కలూ ఒకే మందంలో రావాలంటే ఇది కాదు.

చిన్న వర్క్‌షాప్‌కు సింగిల్ ఫేజ్ మీద నడిచే 16 నుంచి 22 అంగుళాల ఓపెన్ ఎండ్ యంత్రమే సరైనదని నేను చెబుతాను. అందులోనూ ఇప్పటికీ తయారవుతున్న మోడల్ అయితే నిశ్చింత. పెర్ఫార్మాక్స్ పేరుతో వచ్చిన 16-32 తర్వాత జెట్ పేరు మీదికి వెళ్ళింది. సూపర్‌మాక్స్ 19-38 ఇప్పుడు లగూనా పేరుతో వస్తోంది. ఇలాంటివాటికి బెల్టులు, క్లిప్పులు, బేరింగులు వెతుక్కోవాల్సిన పని ఉండదు. కంపెనీ ఆపేసిన మోడల్ ఎంత చవగ్గా వచ్చినా ముందు దాని కన్వేయర్ బెల్ట్ ఎక్కడైనా దొరుకుతుందో లేదో ఆరా తీయండి.

చూసేటప్పుడు

“కొద్దిగానే వాడాం” అనే మాట ప్రతి అమ్మకందారూ అంటారు. కన్వేయర్ బెల్ట్ మాత్రం అబద్ధం చెప్పదు. కొత్త బెల్ట్ ఉప్పు కాగితంలా గరుగ్గా ఉంటుంది. వేలితో రాస్తే నున్నగా జారుతోందంటే యంత్రం బాగా తిరిగిందని అర్థం. మధ్యలో నున్నగా, అంచుల్లో గరుగ్గా ఉంటే పాత యజమాని ఎప్పుడూ మధ్యలోనే పలక పెట్టేవాడన్నమాట. బెల్ట్ మార్చుకోవచ్చు, అదేమంత పెద్ద విషయం కాదు. కాకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించాలి.

వెళ్ళేటప్పుడు డిజిటల్ క్యాలిపర్, టార్చ్, ఒకే పలక నుంచి కోసిన రెండు చెక్కపట్టీలు తీసుకెళ్ళండి. రెండు అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అడుగు పొడవు చాలు. పట్టీల మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీసి, ఒకదాన్ని డ్రమ్ ఎడమ కొసన, రెండోదాన్ని కుడి కొసన తోలండి. ఒకదానికీ రెండోదానికీ మధ్య ఎత్తు హ్యాండిల్ కదపకూడదు. రెండింటి మీదా పెన్సిల్ గీతలు పూర్తిగా పోయేదాకా కొద్దికొద్దిగా దించుతూ తోలి, చివరి విడత రెండింటికీ ఒకే ఎత్తులో ఇచ్చి, మధ్యలో మందం కొలవండి. తేడా 0.2 మి.మీ. ఉందనుకుందాం. అది చూసి కంగారుపడక్కర్లేదు, అమరిక స్క్రూలతో సరిచేయొచ్చు. అసలు పరీక్ష ఇక్కడినుంచి మొదలవుతుంది: డ్రమ్‌ను బాగా పైకి లేపి, మళ్ళీ కిందికి దించి, అదే పరీక్ష ఇంకోసారి చేయండి. తేడా మళ్ళీ 0.2 వస్తే యంత్రం మంచిదే. ఈసారి 0.05, తర్వాత 0.4 వచ్చిందంటే డ్రమ్‌ను మోసే చేయి గానీ, ఎత్తు స్క్రూ గానీ అరిగి వదులైందని లెక్క. స్థిరంగా ఉన్న తప్పును దిద్దొచ్చు, మారుతూ ఉండే తప్పును దిద్దలేం. అలాంటి యంత్రాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

అదే పట్టీని టార్చ్ వెలుగులో చూడండి. లైటును చెక్కకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయాలి. పొడుగునా ఒకే గీత కనిపిస్తే కాగితం మీద ఎక్కడో బంక గడ్డకట్టిందని అర్థం, కాగితం మారిస్తే పోతుంది. అడ్డంగా అలల్లాంటి గీతలు వరసగా ఉంటే మాత్రం ఆగి ఆలోచించాలి. కన్వేయర్ వేగం మార్చి ఇంకోసారి తోలండి. వేగంతోపాటు అలల దూరం కూడా మారితే తప్పు డ్రమ్‌లోనో దాని బేరింగుల్లోనో ఉంది. నిమిషానికి 1720 చుట్లు తిరిగే డ్రమ్ కింద పలక నిమిషానికి 3 మీటర్లు నడిస్తే చుట్టుకొక గీత చొప్పున అలలు 1.7 మి.మీ. దూరంలో పడతాయి, వేగం సగానికి తగ్గిస్తే 0.9 దగ్గర. వేగం మార్చినా దూరం మారకపోతే డ్రమ్‌ను వదిలి కన్వేయర్ బెల్ట్ అతుకునో, దాని రోలర్లనో అనుమానించండి. బేరింగులు మామూలు సైజువే కాబట్టి మార్చుకోవచ్చు, డ్రమ్ వంకరపోతే మాత్రం ఖర్చే.

పట్టీ మొదలు, చివర కూడా కొలవండి. చివరి రెండు అంగుళాలు మధ్య కన్నా పల్చగా వస్తే నొక్కే రోలర్లు మరీ బిగుసుకున్నాయి. ఇది అమరికతో పోయే జబ్బే.

ప్లగ్గు తీసేసి డ్రమ్‌ను చేత్తో తిప్పండి. గరగర వినిపించకూడదు. రెండు కొసలా పట్టుకుని పైకి ఎత్తిచూస్తే టకటక ఆడకూడదు. కాగితం పట్టీని బిగించే స్ప్రింగ్ క్లిప్ లోపలి కొసన ఉంటుంది, వేళ్ళు దూర్చడానికి ఇరుకుగా. దాని స్ప్రింగ్ చచ్చిపోతే కాగితం వేడికి సాగినప్పుడు వదులై, చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఫట్‌మని చిరుగుతుంది. టార్చ్ వేసి ఆ క్లిప్‌ను చూసి, నొక్కి వదిలి చూడండి.

చాలామంది చూడకుండా వదిలేసేది కన్వేయర్ కంట్రోల్ బోర్డు. చాలా చిన్న యంత్రాల్లో పెద్ద మోటారు డ్రమ్‌కు, చిన్న డీసీ మోటారు కన్వేయర్‌కు ఉంటాయి. ఆ డీసీ మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డే ఈ యంత్రాల్లో ముందుగా పోయే సామాను, ఖరీదు కూడా ఎక్కువే. వేగం నాబ్‌ను సున్నా నుంచి చివరిదాకా నెమ్మదిగా తిప్పండి. కుదుపులు, ఉన్నట్టుండి పరుగులు ఉండకూడదు. తర్వాత వెడల్పైన పలక ఒకటి అడిగి తోలించండి. మధ్యలో కన్వేయర్ ఆగి డ్రమ్ మాత్రం తిరుగుతూ ఉంటే క్షణాల్లో అక్కడ నల్లటి గాడి పడుతుంది. లోడ్ పెరిగినప్పుడు తనంతట తానే కన్వేయర్ వేగం తగ్గించుకునే మోడళ్ళు కూడా ఉన్నాయి, వాటిలో వేగం తగ్గడాన్ని తప్పనుకోకండి. ఆగిపోతేనే తప్పు.

కరెంటు సంగతి

మోటారు ప్లేటు ఫోటో తీసుకుని ఇంటికెళ్ళి తీరిగ్గా చదవండి. త్రీఫేజ్ మోటారైతే వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్ కరెంటును త్రీఫేజ్‌గా మార్చి ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) పెట్టి సింగిల్ ఫేజ్ మీద నడపొచ్చు, చిన్న మోటార్లకు అది మంచి దారే. వేరే దేశం నుంచి వచ్చిన యంత్రమైతే వోల్టేజీ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. 60 హెర్ట్జ్ మోటారును 50 హెర్ట్జ్ కరెంటు మీద పెడితే వేగం ఆరో వంతు పడిపోతుంది, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. “ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి, సరిపోతుంది” అని అమ్మేవాళ్ళు చెప్పే సలహా సగమే నిజం.

డస్ట్ కలెక్టర్ లేకుండా ఈ యంత్రం ఆన్ చేయనే కూడదు. నేల మీద పడే పొట్టు కాదిది, గాల్లో తేలే సన్నని రజను. చెక్క రజనును క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995 లోనే చేర్చింది. ఆరోగ్యం మాట అటుంచినా, రజను ఎప్పటికప్పుడు బయటికి పోకపోతే కాగితం గింజల మధ్య ఇరుక్కుని నిమిషాల్లో మూసుకుపోతుంది, ఆపైన చెక్క కాలుతుంది. 16-32 సైజుకు నాలుగు అంగుళాల పైపు, నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలి లాగే కలెక్టర్ కావాలి. ఇంటి వాక్యూమ్ క్లీనర్‌తో అయ్యే పని కాదు. మీ దగ్గర కలెక్టర్ లేకపోతే దాని ఖర్చును కూడా శాండర్ ధరలో కలిపి చూసుకుని, అప్పుడు కొత్తదానితో పోల్చండి.

కొత్తదా, పాతదా?

డ్రమ్ శాండర్‌లో అరిగే సామాన్లు చాలావరకు మార్చుకోగలిగినవే, అరగని భాగాలు పదేళ్ళైనా అలాగే ఉంటాయి. ఆ లెక్కన సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి ఇది మంచి యంత్రం. పైన చెప్పిన పరీక్షలన్నీ దాటిన యంత్రం, కొత్త బెల్ట్, రెండు మూడు గ్రిట్‌ల కాగితం, రవాణా అన్నీ కలిపి కొత్తదాని ధరలో అరవై శాతం లోపు వస్తే తీసుకోండి. అంతకు మించితే వారంటీ ఉన్న కొత్తదే నయం. నడిపి చూపించకుండా “షెడ్డులో ఉంది, కనెక్షన్ లేదు” అంటే బోర్డు పోయిందనే అనుకుని ధర కట్టండి. ఒప్పుకోకపోతే వచ్చేయండి.

ఇంటికి తెచ్చాక

గ్రిట్ విషయంలో ఆశ తగ్గించుకోవాలి. 220 చుట్టి అద్దంలా చేయాలని చూస్తే చెక్క కాలిపోతుంది. 80తో చదును చేసి, 120 దగ్గర ఆపి, మిగిలింది చేతి శాండర్‌తో చేయడమే తెలివైన పద్ధతి. డ్రమ్ వదిలే గీతలు పొడుగునా ఒకే వరసలో ఉంటాయి కాబట్టి పాలిష్ పడ్డాక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకని చేతి శాండర్‌ను కూడా 120 నుంచే మొదలుపెట్టాలి. 180తో మొదలుపెడితే ఎంతసేపు తోమినా ఆ గీతలు పోవు. తలుపు ఫ్రేములైతే అడ్డచెక్కల మీద గీతలు గ్రెయిన్‌కు అడ్డంగా పడతాయి, అక్కడ ఇంకాస్త ఎక్కువసేపు పట్టాలి.

హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే డ్రమ్ ఎంత దిగుతుందో మాన్యువల్‌లో చూసి గుర్తు పెట్టుకోండి. చుట్టుకు అంగుళంలో 16వ వంతు దిగేదైతే పావు చుట్టే మీ హద్దు, 120 గ్రిట్‌కు అందులో సగం. మోటారు శబ్దం బరువెక్కితే కన్వేయర్ వేగం తగ్గించడం కన్నా లోతు తగ్గించడం మేలు. నెమ్మదిగా నడిచే పలక ఒకేచోట ఎక్కువసేపు రాపిడి పడి కాలుతుంది. వెడల్పు అనుమతిస్తే పలకను కాస్త ఏటవాలుగా తోలండి, లోడ్ తగ్గుతుంది, కాగితం కూడా అంతటా సమంగా అరుగుతుంది. చివరి విడత మాత్రం తిన్నగా.

టేకులాంటి నూనె చెక్క, జిగురు కారే పైన్ కాగితాన్ని తొందరగా మూసేస్తాయి. శాండ్‌పేపర్ శుభ్రం చేయడానికి అమ్మే రబ్బరు కడ్డీని తిరిగే డ్రమ్‌కు ఆనించి తుడుస్తూ ఉంటే ఒక పట్టీ రెండు మూడింతలు వస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, పక్కన నిలబడి చేయండి. అంటించిన పలకల మీద ఎండిన ఫెవికాల్ చుక్కలను ముందే గీకేయాలి, ఒక్క చుక్క చాలు కాగితం పొడుగునా నల్లటి చార పడటానికి.

పాత తలుపుల, దూలాల చెక్కయితే మేకుల కోసం మెటల్ డిటెక్టర్‌తో వెతకందే లోపల పెట్టకండి. మేకు తగిలితే కాగితం చిరగడంతో సరిపోదు. ఆ నిప్పురవ్వ పైపులోంచి నేరుగా డస్ట్ కలెక్టర్ సంచిలోని రజనులోకి పోతుంది, అది గంటల తర్వాత కూడా రాజుకోవచ్చు. అలాంటి చెక్క తోలిన రోజు సంచిని సాయంత్రమే బయట ఖాళీ చేసి, షెడ్డుకు తాళం వేయండి.